ముస్తఫా, రోడ్ రాష్, క్రికెట్ 07: పాత ఆటలు మళ్లీ అమ్మకానికి ఎందుకు రావు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, చదివేవారికి సులువుగా ఉంటుంది. వీడియో గేమ్ షాపులో ఆడిన ముస్తఫా, ఇంట్లో కంప్యూటర్‌లో ఆడిన రోడ్ రాష్, హాస్టల్లో తెల్లవార్లూ ఆడిన క్రికెట్ 07, ఈ మూడింటినీ డబ్బు పెట్టి కొనడానికి మీరు సిద్ధం. ఏ ఆన్‌లైన్ దుకాణంలోనూ అవి లేవు. "ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్‌లో) ఇట్టే నడిచే ఆటను కంపెనీ అమ్ముకోకపోవడం ఏమిటి, వాళ్లకు డబ్బు చేదా?" అన్నారు. వీటిలో ఏది తిరిగి వస్తుందో కూడా అడిగారు.

డబ్బు ఎవరికీ చేదు కాదు. అమ్మే హక్కు ఒక్కరి చేతిలో లేకపోవడమే అసలు చిక్కు. నేను మొదట ఆర్కేడ్ బోర్డులు, అంటే వీడియో గేమ్ షాపుల్లోని యంత్రాల సర్క్యూట్ బోర్డులు, రిపేరు చేసేవాణ్ణి. తరువాత చాలాకాలం పాత ఆటలను కొత్త యంత్రాలకు మార్చే పనిలో ఉన్నాను. ఆ పనిలో ప్రోగ్రామర్ల వల్ల ఆలస్యమైన ఆటలు తక్కువ, సంతకాల కోసం ఆగిపోయినవే ఎక్కువ. నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు ఎంత మంచి ధర పలికినా ఒక్కరు సంతకం పెట్టకపోతే రిజిస్ట్రేషన్ కాదు కదా, ఇదీ అంతే. పైగా ఇక్కడ ఆ నలుగురూ ఎవరో కూడా చాలాసార్లు తెలియదు.

ముస్తఫా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన ప్రాంతంలో ఆ ఆట ఆడనివాళ్లు ఆ తరంలో తక్కువ. హక్కుల చిక్కు ఎలా ఉంటుందో చూపడానికి కూడా ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో ఆర్కేడ్‌ల కోసం తెచ్చింది. ఒకేసారి ముగ్గురు ఆడవచ్చు, ఎంచుకోవడానికి నలుగురు ఉంటారు: జాక్ టెన్‌రెక్, హన్నా డండీ, ముస్తఫా కైరో, మెస్ ఒబ్రడోవిచ్. పసుపు టోపీ ముస్తఫా అందరిలోకీ చురుకైనవాడు, అందుకే ముందు యంత్రం దగ్గరికి చేరినవాడు అతన్నే పట్టుకునేవాడు. ఆటకు కూడా అతని పేరే స్థిరపడింది. మూడో దశలో కారెక్కి ఎడారిలో బైకుల వాళ్లను గుద్దుకుంటూ పోవడం గుర్తుందా? ఆ కారే ఇప్పుడు సమస్యలో సగం.

ఆట పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూడండి. ప్రోగ్రామ్, బొమ్మలు, సంగీతం క్యాప్‌కామ్‌వి. ముఖ్య పాత్రలు, ప్రపంచం మాత్రం క్యాప్‌కామ్ ఊహించినవి కావు. మార్క్ షుల్ట్స్ అనే అమెరికన్ చిత్రకారుడు 1980ల చివర మొదలుపెట్టిన జీనోజోయిక్ టేల్స్ అనే కామిక్ నుంచి అరువు తెచ్చుకున్నవి. పేరులో ఉన్న క్యాడిలాక్ జనరల్ మోటార్స్ వ్యాపారచిహ్నం. 1993లో ఇదే పేరుతో అమెరికాలో సీబీఎస్ చానెల్లో కార్టూన్ సీరియల్ కూడా వచ్చింది, 13 భాగాలతో ఆగిపోయింది. అంటే ఆ ఏడాది చూస్తే ఇది లైసెన్సుకు డబ్బు పెట్టదగ్గ పేరే. కార్టూన్ హిట్టయితే బొమ్మలు, కామిక్‌లు, ఆటలు అన్నీ కలిసి అమ్ముడుపోయేవి. కార్టూన్ నిలబడలేదు. ఆట ఒక్కటే నిలబడింది, అదీ ఎక్కువగా అమెరికా బయట.

లైసెన్సు అంటే కొనుగోలు కాదు, అద్దె. గడువుంటుంది, ఏ యంత్రాలకు వర్తిస్తుందో రాసి ఉంటుంది. తొంభైల్లో రాసుకున్న ఒప్పందాల్లో డౌన్‌లోడ్ అన్న ఊసు సాధారణంగా ఉండదు, అలా అమ్మవచ్చని ఎవరూ అనుకోలేదు. కాబట్టి ఇలాంటి ఆటను ఇప్పుడు అమ్మాలంటే పాత కాగితం పనికిరాదు, ప్రతి హక్కుదారుతోనూ కొత్తగా మాట్లాడుకోవాలి. ఈ ఆట అసలు ఏ ఇంటి యంత్రానికీ అధికారికంగా రాలేదు. 1994లో సెగా సీడీ అనే ఇంటి యంత్రానికి ఇదే పేరుతో వచ్చిన ఆట వేరు, అది రాకెట్ సైన్స్ గేమ్స్ చేసిన కారు ఆట. పాత సీడీలు అమ్మే చోట ఆ పేరు చూసి ఆశపడకండి.

క్యాప్‌కామ్‌కు పాత ఆటల మీద ఆసక్తి లేదనడానికి వీల్లేదు. 2018లో బీట్ ఎమ్ అప్ బండిల్ పేరుతో ఇదే తరహా ఆటలు ఏడింటిని ఒక్క ప్యాకేజీగా ఇచ్చింది: ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో, నైట్స్ ఆఫ్ ది రౌండ్ వగైరా. అందులో ఏమున్నాయో చూడటం కంటే ఏమి లేవో చూడండి. క్యాడిలాక్స్ లేదు, ది పనిషర్ లేదు, ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్ లేదు. మూడూ బయటివాళ్ల పాత్రలతో చేసిన ఆటలు, అభిమానులు అన్నిటికంటే ముందు అడిగేవీ అవే.

ఆ మూడింటిలో ఒకటి తరువాత బయటపడింది, అది ఎలా వచ్చిందో చూస్తే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2 అనే పోరాట ఆట 2009లో డౌన్‌లోడ్‌గా వచ్చి, లైసెన్సు సమస్యతో 2013 చివర దుకాణాల నుంచి మాయమైంది. 2021లో అభిమానులు దాన్ని విడుదల చేయమని సామాజిక మాధ్యమాల్లో పెద్ద ఉద్యమమే నడిపారు. 2024 సెప్టెంబరులో ఏడు ఆటల సంకలనం వచ్చింది, అందులో ఆరు మార్వెల్ పోరాట ఆటలు, ఏడోది పనిషర్, ఆ పాత్ర కూడా మార్వెల్‌దే. పనిషర్ కూడా 1993 ఆటే, ముస్తఫాకు అన్నదమ్ముడి వరసే. అది ఒంటరిగా అయితే వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. మార్వెల్‌తో ఎలాగూ బేరం కుదిరింది, లాయర్ల ఖర్చు ఆరు ఆటల మీద పంచుకుంది, ఏడోది దాదాపు ఉచితంగా లోపలికొచ్చింది.

ముస్తఫాకు ఆ సౌకర్యం లేదు. షుల్ట్స్ కామిక్ మీద క్యాప్‌కామ్ చేసినది ఈ ఒక్క ఆటే. కామిక్ హక్కులు, కారు పేరు, రెండు బేరాల ఖర్చూ ఒక్క ఆట మీదే పడుతుంది. దాన్ని వెయ్యి రూపాయల లోపు అమ్మాలి. ఏ మేనేజరైనా ఆ లెక్క వేసి ఫైలు మూసేస్తాడు. "పేరు మార్చి వదలకూడదా?" అని చాలామంది అడుగుతారు. పేరు ఒక్కటైతే మార్చవచ్చు. హీరోలు, కొందరు విలన్లు, ఆ ప్రపంచం అంతా కామిక్‌దే. వాటిని మార్చడమంటే ఒక్కో పాత్ర కదలికల బొమ్మలన్నీ మళ్లీ గీయడం. అప్పుడది మీరు అడిగిన ఆట కాదు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. మన షాపుల్లో ఉన్న బోర్డులు, కనీసం నా చేతికొచ్చినవాటిలో ఎక్కువభాగం, నకలువి. అసలు క్యాప్‌కామ్ బోర్డులో శబ్దం చూసుకునే ప్రాసెసర్ ప్రోగ్రామ్‌ను గుప్తలిపిలో ఉంచి, దాన్ని విప్పే తాళాన్ని ఒక చిన్న బ్యాటరీ బతికించే మెమరీలో పెట్టారు. నకలు చేయకుండా చూసే కాపలా అది. బ్యాటరీ అయిపోతే తాళం పోతుంది, బోర్డు ఇక పనికి రాదు. అభిమానులు దానికి ఆత్మహత్య బ్యాటరీ అని పేరు పెట్టారు, పేరుకు తగ్గ పనే చేస్తుంది. నకలు బోర్డుల వాళ్లు ఆ కాపలాను తప్పించి, శబ్దానికి వేరే చవక చిప్పు వేసేవారు. అందుకే మీ చెవిలో ఉన్న ముస్తఫా సంగీతానికీ అసలు బోర్డులో క్యూసౌండ్ అనే ధ్వని పద్ధతిలో వచ్చే సంగీతానికీ తేడా ఉంటుంది. అసలుది విన్నప్పుడు "ఇదేదో కొత్తగా ఉందే" అనిపించడం సహజం. నకలు బోర్డుల మీద రూపాయి బిళ్లలతో వచ్చిన ఆదాయంలో క్యాప్‌కామ్‌కు పైసా చేరలేదు. అంటే మన అభిమానం వాళ్ల పద్దుల్లో ఎక్కడా నమోదు కాలేదు. ఈ ఆటకు భారతదేశంలో ఇంత గిరాకీ ఉందని వాళ్లకు తెలియడానికి మార్గం మనమే చూపాలి. ఆ విషయానికి తరువాత వస్తాను.

నా అంచనా ఏమిటంటే, ముస్తఫా అసాధ్యం కాదు, దగ్గర్లోనూ లేదు. 2019లో క్యాప్‌కామ్ హోమ్ ఆర్కేడ్ అనే టీవీకి తగిలించే యంత్రంలో ఏలియన్ వర్సెస్ ప్రెడేటర్‌ను లైసెన్సు తీసుకుని పెట్టారు. పనిషర్ వచ్చింది. మిగిలింది ఇదొక్కటే అయ్యేకొద్దీ అడిగేవాళ్ల గొంతు బాగా వినిపిస్తుంది.

రోడ్ రాష్ కథ వేరు. మీరు ఆడినది 1996లో విండోస్ 95 కోసం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇచ్చినది. దానికి మూలం 1994 నాటి త్రీడీఓ యంత్రం ఆట. బైకులకు కల్పిత పేర్లే పెట్టారు కాబట్టి అక్కడ తగాదా లేదు. తగాదా పాటల్లో ఉంది. సౌండ్‌గార్డెన్, మాన్‌స్టర్ మ్యాగ్నెట్ లాంటి అసలు రాక్ బ్యాండ్ల పాటలను ఏ అండ్ ఎమ్ రికార్డ్స్ నుంచి తీసుకుని పెట్టారు. ఆ రోజుల్లో అదో గొప్ప. ఇప్పుడు అదే గుదిబండ.

పాటకు రెండు హక్కులుంటాయి. రాసి, బాణీ కట్టినవారి హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ మీద హక్కు మరొకటి. రెండూ వేర్వేరు కంపెనీల దగ్గర ఉండవచ్చు. పది పన్నెండు పాటలుంటే ఇరవై మందితో మాట్లాడాలి, ఒక్కరు కాదంటే ఆ పాట పోతుంది. పాటల గడువు ముగియడం అమ్మకంలో ఉన్న ఆటలను కూడా వదలదు. జీటీఏ 4 అనే ఆటకు పదేళ్లు నిండిన 2018లో దాని రేడియో నుంచి చాలా పాటలు తీసేశారు, డబ్బు పెట్టి కొన్నవాళ్ల కాపీల్లోంచి కూడా. ఆల్ఫా ప్రోటోకాల్ అనే ఆట సంగీతం హక్కులు ముగిసి 2019లో దుకాణాల నుంచి పోయింది. 2024లో జీఓజీ అనే దుకాణం ఆ పాటలతో సహా దాన్ని తిరిగి తెచ్చింది. అంటే పట్టుదలగా కూర్చునేవాళ్లుంటే సంగీతం చిక్కు విడుతుంది. పాత్రల లైసెన్సు కంటే ఇది తేలిక, ఎందుకంటే చివరికి పాటను మార్చి అయినా ఆటను వదలవచ్చు.

రోడ్ రాష్‌కు ఇంకో దారి కూడా ఉంది. సెగా జెనెసిస్ యంత్రానికి వచ్చిన మొదటి మూడు రోడ్ రాష్‌లలో అద్దె పాటలు లేవు. ఆ మూడింటినీ 2006లోనే పీఎస్పీ అనే చేతి యంత్రం కోసం ఈఏ రీప్లే అనే సంకలనంలో ఇచ్చారు. కాబట్టి అవి రావాలంటే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు మనసుంటే చాలు, ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. ఆ మనసే వాళ్లకు తక్కువ, పాత ఆటల విషయంలో క్యాప్‌కామ్‌కు ఉన్న శ్రద్ధలో పదో వంతు లేదు. ఈలోగా గొలుసు తిప్పుతూ బైకు నడపాలనిపిస్తే 2017లో వచ్చిన రోడ్ రిడెంప్షన్ ఆడండి. చూడటానికి అంత అందంగా ఉండదు, తన్నులు మాత్రం సరిగ్గా తగులుతాయి.

ఇక క్రికెట్ 07. మీరు బాధపడినా ఉన్నమాట చెబుతాను: అది రాదు. కెనడాకు చెందిన హెచ్‌బీ స్టూడియోస్ తయారుచేయగా ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2006 నవంబరులో విడుదల చేసింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ జట్లకు మాత్రమే నిజమైన పేర్లు, మిగతా జట్ల ఆటగాళ్లవి మార్చిన పేర్లు. దాని తరువాత ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ పెద్ద క్రికెట్ ఆట చేయనే లేదు. యాషెస్ పేరుతో అధికారికంగా ఆట చేసే అవకాశం ఇప్పుడు ఆస్ట్రేలియాకు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్‌కు వెళ్లింది, 2023 నాటి క్రికెట్ 24 వాళ్లదే. వ్యాఖ్యానం చెప్పిన ఇద్దరిలో రిచీ బెనో 2015లో చనిపోయారు. ఆటగాళ్ల పేర్లు, బోర్డుల చిహ్నాలు, గొంతులు అన్నిటికీ కొత్త అనుమతి కావాలి. అదీ ఇరవై ఏళ్ల నాటి జట్లతో అమ్మడానికి. క్రీడల ఆటలు పాతబడితే కంపెనీలు వాటిని పెద్దగా పట్టించుకోవు, వచ్చే ఏడాది ఆటకు పోటీ అని తీసేయడమే ఎక్కువ.

అయినా ఒకటి ఆలోచించండి. మీరు హాస్టల్లో ఆడిన క్రికెట్ 07లో ఐపీఎల్ ఉందా? ఉండే ఉంటుంది. ఐపీఎల్ మొదలైందే 2008లో. ఆ జట్లు, జెర్సీలు, ధోనీ జుట్టు, స్పాన్సర్ పేరున్న బ్యాట్ స్టిక్కర్లు అన్నీ అభిమానులు చేసిన ప్యాచ్‌లు, అంటే ఆటకు తగిలించే మార్పు ఫైళ్లు. మీకు ప్రాణమైన ఆటలో సగం ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అమ్మినది కాదు. ఒకవేళ రేపు అసలు ఆటను ఉన్నదున్నట్టు అమ్మకానికి పెట్టినా, మీరు తెరిచి చూసి పది నిమిషాల్లో మూసేస్తారు.

హక్కులు ఎవరివో తెలియకపోవడం అన్నాను కదా. దానికి రెండు కథలు చెప్పాలి, ఒకటి కుదిరినది, ఒకటి కుదరనిది.

సిస్టమ్ షాక్ 2 అనే ఆట 1999లో వచ్చింది. తయారుచేసిన లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ మరుసటి ఏడాదే మూతపడింది. పదేళ్ల తరువాత స్టీఫెన్ కిక్ అనే యువకుడు ప్రయాణంలో ఉండగా ఆ ఆట ఆడాలనిపించి, తన ల్యాప్‌టాప్‌లో నడవకపోతే, కొందామని చూస్తే ఎక్కడా లేదు. హక్కులెవరివని ఆరా తీస్తే ఒక బీమా కంపెనీ దగ్గర తేలాయి. ఆట అంటే ఏమిటో పట్టని బీమా కంపెనీ! ఆయన ఉత్తరం రాశాడు, వాళ్లు మాట్లాడటానికి ఒప్పుకున్నారు, 2013 ఫిబ్రవరిలో ఆట జీఓజీలో అమ్మకానికి వచ్చింది. నైట్‌డైవ్ స్టూడియోస్ అనే కంపెనీ పుట్టింది ఇలాగే.

అదే నైట్‌డైవ్ 2014లో నో వన్ లివ్స్ ఫరెవర్ మీద పడింది. 2000 నాటి గూఢచారి ఆట అది, కథానాయిక కేట్ ఆర్చర్, హాస్యం కూడా బాగా పండింది. తయారుచేసిన మోనోలిత్‌ను తరువాత వార్నర్ బ్రదర్స్ కొంది. ప్రచురించినది ఫాక్స్ ఇంటరాక్టివ్, అది వివెండికి పోయింది, వివెండి ఆటల విభాగం 2008లో యాక్టివిజన్‌లో కలిసింది. ఫాక్స్ మాతృసంస్థకూ ఏదో వాటా ఉండవచ్చు. ముగ్గురినీ అడిగితే, మా దగ్గర ఉందో లేదో తెలియదు, కాగితాలు కంప్యూటర్లకు ఎక్కకముందువి, వెతికే తీరిక లేదు అన్న ధోరణిలో జవాబులొచ్చాయి. పోనీ ఎవరికీ తెలియదు కాబట్టి అమ్మేద్దామంటే, అమ్మాక హక్కు మాదని తేలితే దావా వేస్తామన్నారు. అక్కడితో ఆగిపోయింది. అప్పటి నుంచి ఫాక్స్‌ను డిస్నీ కొంది, యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొంది, మోనోలిత్‌ను 2025 ఫిబ్రవరిలో వార్నర్ మూసేసింది. పేర్లు మారాయి, కాగితం ఎక్కడుందో చూసినవాళ్లు మాత్రం లేరు. నాకు తెలిసిన పాత ఆటల్లో నన్ను ఎక్కువగా చిరాకుపెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ దురాశ పడలేదు. బద్ధకించారు, అంతే.

పెద్ద కంపెనీలు కూర్చుంటే ఎంతటి చిక్కయినా విడుతుందనడానికి గోల్డెన్‌ఐ 007 ఉంది. 1997లో నింటెండో 64 యంత్రానికి రేర్ అనే కంపెనీ చేసిన జేమ్స్ బాండ్ ఆట. 2002లో రేర్‌ను మైక్రోసాఫ్ట్ కొనేసింది, బాండ్ హక్కులు సినిమావాళ్లవి. 2007 ప్రాంతంలో దాదాపు పూర్తయిన కొత్త రూపం ఒప్పందం కుదరక అటకెక్కింది. చివరికి 2023 జనవరి 27న నింటెండో వాళ్ల స్విచ్‌లోనూ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్‌లోనూ ఒకే రోజు వచ్చింది. అయితే స్విచ్‌లో ఆన్‌లైన్‌లో కలిసి ఆడవచ్చు, ఎక్స్‌బాక్స్‌లో కుదరదు. బొమ్మ నాణ్యత ఎక్స్‌బాక్స్‌లో మెరుగు. ఎవరికి ఏది ఇచ్చి ఎవరిని ఒప్పించారో ఆ తేడాల్లోనే కనిపిస్తుంది.

"ఎమ్యులేటర్‌లో నడుస్తోందిగా, అదే అమ్మవచ్చు కదా" అన్నారు. ఆర్కేడ్ ఆటల విషయంలో మీరన్నది నిజమే, అధికారిక సంకలనాలు కూడా లోపల ఎమ్యులేటర్లే. జీఓజీ అమ్మే చాలా డాస్ (విండోస్‌కు ముందు నాటి) ఆటలు డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ మీద నడుస్తాయి. సాంకేతికంగా అసలు నరకం 1995 నుంచి 2006 దాకా వచ్చిన విండోస్ ఆటలతో. అప్పటి గ్రాఫిక్స్ పద్ధతులు ఇప్పటి కార్డులకు తెలియవు. కొన్ని ఆటలు ప్రాసెసర్ వేగం మీద కాలాన్ని లెక్కిస్తాయి, ఇప్పటి యంత్రంలో తూనీగల్లా ఎగిరిపోతాయి. పైగా డిస్కు కాపీ కాకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం వేసేవారు. భద్రతా లోపం ఉందని విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దాన్ని నడవనివ్వడం మానేసింది. అందుకే మీ దగ్గర అసలు డిస్కు ఉన్నా ఆట తెరుచుకోదు, తప్పు డిస్కుది కాదు.

ఇలాంటివి బాగుచేయాలంటే సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసుకున్న అసలు ప్రోగ్రామ్, కావాలి, అది చాలాసార్లు దొరకదు. ఐస్‌విండ్ డేల్ 2 అనే ఆట సోర్స్ కోడ్ ఎంత వెతికినా దొరక్క బీమ్‌డాగ్ అనే కంపెనీ దాని మెరుగుపరచిన రూపం చేయలేకపోయింది. సైలెంట్ హిల్ 2, 3లను 2012లో కొత్త యంత్రాలకు తెచ్చినప్పుడు చివరి కోడ్ లేక, పూర్తికాని కోడ్ మీద పనిచేశారు. ఫలితం అభిమానులు ఇప్పటికీ తిట్టుకునేలా వచ్చింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అదృష్టం బాగుంది, దాన్ని చేసిన జోర్డాన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన కోడ్ ఫ్లాపీలు 2012లో ఆయన తండ్రి ఇంట్లో అల్మరా వెనక దొరికాయి. ఆ ఫ్లాపీలు చదివించడమే ఒక పెద్ద పని అయింది.

ఇది మీ మూడు ఆటల గోడు మాత్రమే కాదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీస్తే, 2010కి ముందు అక్కడ విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొనడానికి దొరకవని తేలింది.

సరే, మీరేం చేయగలరు? జీఓజీలో డ్రీమ్‌లిస్ట్ అని అభిమానుల కోరికల జాబితా ఉంది, 2025 జనవరిలో కొత్తగా తీర్చిదిద్దారు. ఓట్ల సంఖ్యను చేత్తో పట్టుకుని హక్కుదారుల దగ్గరికి వెళ్లడం వాళ్ల పద్ధతి. క్యాప్‌కామ్ విషయంలో అది ఫలించింది కూడా, పాత రెసిడెంట్ ఈవిల్ మూడు భాగాలు 2024లో, డైనో క్రైసిస్ 2025లో అక్కడికి వచ్చాయి. ఓటు వేసేటప్పుడు మాత్రం ముస్తఫా అని వెతక్కండి, క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని వెతకండి. మన వీడియోలన్నిటి కింద వేలమంది ముస్తఫా అని రాస్తారు, జపాన్‌లో ఆ లెక్క తీసేవాడికి అది తన ఆట అని ఎలా తెలుస్తుంది? ఏ దేశం నుంచి అడుగుతున్నారో కూడా రాయండి. క్యాప్‌కామ్ అప్పుడప్పుడు అభిమానుల అభిప్రాయ సేకరణలు పెడుతుంది, అక్కడా ఇదే చేయండి. జపాన్ ఆర్కేడ్ ఆటలైతే హ్యామ్‌స్టర్ కంపెనీ ఆర్కేడ్ ఆర్కైవ్స్ పేరుతో వారానికొకటి విడుదల చేస్తూ ఉంటుంది, అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

అమ్మకంలో ఉన్నవాటిని నిర్లక్ష్యం చేయకండి. నీడ్ ఫర్ స్పీడ్ కార్బన్, అండర్‌కవర్ మరికొన్ని 2021లో ఒక్కరోజున దుకాణాల నుంచి పోయాయి. వార్‌క్రాఫ్ట్ మొదటి రెండు భాగాలు 2024 డిసెంబరులో జీఓజీ నుంచి తీసేశారు. మీ తరం ఆడిన ప్రాజెక్ట్ ఐజీఐ జీఓజీలో ఉంది, కాంట్రా కోనామి 2019 సంకలనంలో ఉంది. కావాలనుకుంటే తగ్గింపు కోసం ఏళ్ల తరబడి చూడకండి. జీఓజీలో కొంటే ఇన్‌స్టాల్ ఫైలును దింపుకుని వేరే డిస్కులో దాచుకోవచ్చు, దుకాణంలో ఆట లేకపోయినా అది పనిచేస్తుంది.

కంపెనీ వదిలేసిన ఆటను ఎవరైనా దింపుకోవచ్చన్న మాట నెట్‌లో ఎక్కువగా వినిపిస్తుంది. చట్టంలో అలాంటి వర్గం లేదు. అమెరికా చట్టం ప్రకారం కంపెనీ చేసిన ఆటకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ, అంటే 1993 నాటి ముస్తఫాకు 2088 చివరిదాకా. గ్రంథాలయాలు పాత ఆటలను పరిశోధకులకు ఇంటి నుంచే చూసే వీలు కల్పిస్తామని అడిగితే, అక్కడి కాపీరైట్ ఆఫీసు 2024 అక్టోబరులో ఒప్పుకోలేదు. ఇళ్లలో ఆడుకునేవాళ్ల మీద కేసులు పెట్టిన దాఖలా నేను చూడలేదు, కానీ రామ్ ఫైళ్లు (పాత ఆటల నకళ్లు) పంచే సైట్లలో వైరస్‌లు మాత్రం చాలా చూశాను. ఆ పని చేయమనీ వద్దనీ నేను చెప్పను, అది మీ ఇష్టం.

మీ దగ్గర క్రికెట్ 07 అసలు డిస్కు ఉందన్నారు, దానికి సంబంధించి ఒక్క పని ఈ వారమే చేయండి. మన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, న్యాయంగా కొన్నవారు ప్రోగ్రామ్ పాడవకుండా రక్షణకు నకలు తీసుకోవడాన్ని అనుమతిస్తుంది. డిస్కును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి, పూత మీద సూదిమొన చుక్కలు కనిపిస్తే చెడిపోవడం మొదలైనట్టే. డీవీడీ డ్రైవ్ ఉన్న పాత కంప్యూటర్ దొరికితే తక్కువ వేగంలో ఇమేజ్ ఫైలు (డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా నకలు) తీసి రెండు చోట్ల పెట్టండి. డ్రైవ్‌లు డిస్కుల కంటే ముందు కరువవుతున్నాయి. పెట్టె లోపల అట్ట మీద సీరియల్ నంబరు ఉంటుంది, దాన్ని కూడా ఫొటో తీసుకోండి. ఇమేజ్ ఫైలు భద్రంగా ఉండి ఈ నంబరు చెరిగిపోయిందని నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.